అక్రోటు భరిణె

మా మేనల్లుడు అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో ఉంటాడు. పోయిన మాఘమాసంలో వాడు కాకినాడలో ఉన్న తల్లికి ఒక పార్సెలు పంపించాడు. అక్కడినించి వచ్చే పార్సెళ్ళలో మామూలుగా ఏముంటాయో మీకు తెలుసు. బాదంపప్పు, చాకలెట్లు, మోకాళ్ళకి రాసుకునే నూనెలు, బావగారికి రక్తపుపోటు చూసుకునే యంత్రం. ఈసారి అవేవీ లేవు. నలిపిన కాయితపు ఉండల మధ్య రెండే రెండు వస్తువులున్నాయి. ఒకటి పది అంగుళాల వెడల్పున్న కర్ర గిన్నె. రెండోది అరచేతిలో ఇమిడే కుంకుమ భరిణె. రెండూ వేయించిన కాఫీగింజ రంగులో నిగనిగలాడుతున్నాయి. గిన్నె అంచున ఒక పక్కగా మాత్రం మీగడ రంగు చార ఒకటి, చీరకి అంచు తీర్చినట్టు, సాగిపోయింది. దాంతో పాటు ఒక చీటీ. “అమ్మా, రెండూ నేనే చేశాను. అక్రోటు కర్ర.”

మా అక్కయ్య వాటిని కళ్ళకద్దుకుంది. బావగారు కళ్ళజోడు సవరించుకుని, గిన్నెను తిరగేసి బోర్లించి, వేలితో టకటకా కొట్టి చూసి, “వీణ్ణి ఇంజనీరింగు చదివించింది కర్రలు చెక్కుకోడానికా?” అన్నారు. ఆయన విద్యుచ్ఛక్తి శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. గిన్నె ఆ సాయంత్రమే అటకెక్కింది. భరిణె మాత్రం అక్కయ్య దేవుడి మందసంలో చేరింది.

ఆ భరిణె మూలంగా శ్రావణమాసంలో ఆ ఇంట్లో పెద్ద రగడే జరిగింది. దాన్ని గురించి రాద్దామనే ఈ వారం కూర్చున్నాను. అయితే ముందు ఆ కర్ర సంగతి కాస్త చెప్పనివ్వండి. అది తెలియకపోతే రగడ అర్థం కాదు.

అక్రోటు కాయ ఎరగని ఇల్లు ఇప్పుడు లేదు. చూడ్డానికి మెదడులా ఉంటుంది గనక మెదడుకి మంచిదంటూ పిల్లల వెంటపడి తినిపిస్తున్నాం. సంస్కృతంలో దీన్ని అక్షోటం అంటారు. అమరకోశం దీన్ని కొండల్లో పుట్టే చెట్టుగా చెప్పింది. శ్రీనగరం వెళ్ళొచ్చినవాళ్ళ ఇళ్ళల్లో చినారు ఆకులు చెక్కిన పెట్టె ఒకటి షోకేసులో కనిపిస్తుంది చూడండి, అది ఈ చెట్టు కర్రే. కాశ్మీరులో చెట్టు కొమ్మల కర్ర లేత రంగనీ, మొదలు అంతకంటె ముదురనీ, వేరు దుంప అన్నిటికంటె నల్లగా ఉండి అన్నిటికంటె ఖరీదనీ లెక్క. అక్కడ ఈ కర్ర మీద ముఖ్యంగా సాగేది ఉలీ కొడవడీ పట్టి చెక్కే పని.

మా వాడి కర్ర దీనికి జ్ఞాతి. నల్ల అక్రోటు అని అమెరికా ఖండపు తూర్పు సగంలో అడవిగా పెరుగుతుంది. దాని కాయ పెంకు మహా గట్టి. పై తొక్క ఒలిస్తే చేతులు నల్లబడి వారాల తరబడి వదలవు. పైగా ఆ చెట్టుకి పొరుగు మొక్కలంటే గిట్టదు. దాని వేళ్ళలోనూ, ఆకుల్లోనూ, తొక్కలోనూ జుగ్లోన్ అనే పదార్థం పుడుతుంది. అది నేలలోకి దిగితే టమాటా, వంకాయ లాంటి మొక్కలు నిలువునా వడలిపోతాయి. మా వాడి పెరటికి ఆనుకుని పొరుగింటాయన స్థలంలో అలాంటి చెట్టు ఒకటుండేది. మా మేనకోడలు రెండు వేసవులు వరసగా టమాటా మొక్కలు పెట్టి, అవి ఎందుకు చస్తున్నాయో తెలియక, ఇక్కడికి ఫోను చేసి అక్కయ్యని మందు అడిగేది. అక్కయ్య వేపపిండి వెయ్యమనేది. పాపం, అది వేపపిండికి లొంగే జబ్బు కాదు.

నాలుగేళ్ళ కిందట ఒక గాలివానకి ఆ చెట్టు కూలింది. పొరుగాయన ముసలివాడు, తీరిక వేళల్లో తరిమెన పట్టేవాడు. కూలిన చెట్టు మొదలు సగం నువ్వు తీసుకో, పని నేను నేర్పుతానన్నాట్ట మా వాడితో. అలా మొదలైంది.

తరిమెన అన్న మాట ఇక్కడ అలవాటుగా రాసేశాను గాని, నిజం చెప్పొద్దూ, ఇరవయ్యేళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతూ ఆ మాటని నిఘంటువులో చూడ్డమే తప్ప తరిమెనని దగ్గరగా చూసిన పాపాన పోలేదు. కర్రని రెండు కొసల మధ్య బిగించి గిరగిరా తిప్పుతూ, ఉలి ఆనించి గుండ్రంగా చిత్రిక పట్టే యంత్రం. ఇంగ్లీషువాడు లేత్ అంటాడు. మనం పడుకున్న పట్టెమంచం కోళ్ళు, పిల్లలాడే బొంగరం, అప్పడాల కర్ర, అన్నీ దాని మీద పుట్టినవే. ఉయ్యాల నించి మంచం దాకా మనిషి దాని చలవతోనే బతికాడు గాని, మనబోటి చదువుకున్నవాళ్ళకి ఆ మాటే మరపున పడింది.

గిన్నె ఎలా చేస్తారో మా వాణ్ణి అడిగి తెలుసుకున్నాను. అందులో ఉన్నదంతా ఓపిక. పది అంగుళాల గిన్నె కావాలంటే దుంగని అంతకంటె కాస్త పొడవుగా కోసి, నడిబొడ్డు గుండా నిలువుగా రెండు బద్దలు చేస్తారు. నడిమి బెండు ముక్క పూర్తిగా తీసెయ్యాలి. అది ఉంటే అక్కణ్ణించే పగుళ్ళు నలుదిక్కులకీ పోతాయి. ఒక బద్దని గుండ్రంగా కోసి తరిమెనకి తగిలించి, ముందు వెలుపలి వంపు తీరుస్తారు. తర్వాత తిరగేసి పట్టించి లోపల తొలుస్తారు. పచ్చికర్ర అప్పుడు నీళ్ళు చిమ్ముతుందట. చొక్కా తడిసిపోతుందట. కర్రపేళ్ళు పొడవాటి రిబ్బన్లల్లే భుజం మీదుగా ఎగిరి గోడకి కొట్టుకుంటాయట.

ఇంతచేసీ అది గిన్నె కాదు. పది అంగుళాల వెడల్పుకి ఒక అంగుళం మందం వదిలి, అక్కడితో ఆపెయ్యాలి. మైనం పూసి, నీడలో అరుగు మీద పెట్టి, మరిచిపోవాలి. ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది. మధ్య మధ్య తక్కెడలో తూచి బరువు పెన్సిలుతో దాని అడుగునే రాసుకుంటారు. తూచినప్పుడల్లా తగ్గుతూ వస్తుంది. ఇక తగ్గడం మానిందీ అంటే ఆరినట్టు. ఆలోపల గుండ్రటి గిన్నె కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అదేం తప్పు కాదు, కర్ర ధర్మం. అందుకే ఆ అంగుళం మందం వదిలింది. మళ్ళీ తరిమెన కెక్కించి, గుడ్డుని గుండ్రం చేసి, పలచబరిచి, ఉప్పుకాయితంతో ముతక నించి సన్నానికి నాలుగైదు రకాలు మారుస్తూ రుద్ది, చివరికి నూనె పూస్తారు. ఆ నూనె కూడా అక్రోటు గింజల నూనే. కొబ్బరినూనెలా జిడ్డుగా ఉండిపోదు. గాలి తగిలి మెల్లిగా గట్టిపడుతుంది. చెట్టు కాయ నూనె ఆ చెట్టు కర్రకే పూత అన్నమాట.

ఇదంతా వాడు ఫోనులో చెబుతుంటే బావగారు పక్క గదిలో పేపరు చదువుతున్నట్టు నటించారు. “ఆఫీసు పని అయ్యాక ఒళ్ళు అలిసేలా ఏదో ఒకటి ఉండాలిగా మావయ్యా” అన్నాడు వాడు. పేపరు వెనకనించి “వడ్రంగం!” అని ఒక్క మాట వినిపించింది. మన ఇళ్ళల్లో ఈ మాట ఎంత తేలిగ్గా అంటామో! కుర్రాడు వీణ నేర్చుకుంటే నలుగురికీ చెప్పుకుంటాం. బొమ్మలు వేస్తే ఫ్రేము కట్టిస్తాం. ఉలి పట్టుకుంటే మాత్రం పరువు పోయినట్టుంటుంది. వీణ తయారు చేసింది ఉలే కదా అని నేను అనబోయాను. బావగారితో వాదం పెట్టుకోడం నా చిన్నప్పటినించీ అలవాటు లేని పని గనక ఊరుకున్నాను.

ఇక శ్రావణమాసం. మా అమ్మ తన లక్ష్మీకాసుని పోయే ముందు అక్కయ్య చేతిలో పెట్టింది. వరలక్ష్మీ వ్రతం నాడు కొత్త రూపు ఏటేటా కొంటూనే ఉన్నా, కలశానికి అమ్మ కాసు కట్టందే అక్కయ్యకి పూజ చేసినట్టుండదు. కొడుకు పంపిన భరిణె రాగానే ముచ్చటపడి ఆ కాసుని అందులో కుంకుమ వేసి దాచింది. మాఘంలో మూత దూదిలా వచ్చేది. శ్రావణ శుక్రవారం తెల్లవారుజామున తలంటి పోసుకుని భరిణె తీస్తే, మూత రాదు!

తిప్పింది, లాగింది, గుడ్డ పట్టి తిప్పింది. మూత భరిణెతో పుట్టినట్టుంది. పక్కవాటా ఆవిడ కొబ్బరినూనె రాయమంది. రాశారు. లాభం లేదు. ఇంతలో బావగారు లేచి వచ్చారు. స్టీలు డబ్బా మూత బిగుసుకుంటే వేడినీళ్ళలో ముంచిన గుడ్డ మూత చుట్టూ చుడతాం కదా, వేడికి లోహం వ్యాకోచిస్తుంది, మూత వదులవుతుంది. ఇది శాస్త్రం. ఆయన ఆ శాస్త్రం ప్రకారం తడిగుడ్డ చుట్టి పావుగంట ఉంచారు. మూత ఇంకా బిగుసుకుంది. అప్పుడు సందులో కూరగాయల కత్తి మొన దూర్చి తిప్పారు. మొన జారింది. మూత రాలేదు సరిగదా, కత్తి ఆనిన మేర తడి కర్ర మీద సిరా చుక్కలాంటి నల్లటి మచ్చ పడింది.

(ఆ మచ్చ ఎందుకు పడిందో తర్వాత మా వాడు చెప్పాడు. అక్రోటు కర్రలో వగరు ఉంది. తడిలో ఇనుము తగిలితే వగరు నల్లబడుతుంది. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా కాచుకున్న మన పెద్దలకి ఇది కొత్త సంగతి కాదు. కలంకారీ నలుపు కూడా తుప్పు ఇనుమూ కరక్కాయా కలిసి పుట్టించిందే.)

బావగారికి రోషం వచ్చింది. పురోహితుడు వచ్చే వేళవుతోంది. సుత్తి తెచ్చారు.

“పగలగొడదాం. కాసు కావాలా, పెట్టె కావాలా?”

“రెండూ కావాలి” అంది అక్కయ్య.

“రెండూ ఎలా వస్తాయే? వాడు చేతకానిపని చేసి పంపిస్తే...”

“చేతకానిదో చేతనైనదో, వాడి చేత్తో చేసింది. సుత్తి అక్కడ పెట్టండి.”

నలభై రెండేళ్ళ కాపరంలో ఆవిడ ఆయన్ని ఆజ్ఞాపించడం నేను వినడం అదే. సుత్తి కింద పెట్టారు. ఆ యేడు కలశానికి కొత్త రూపు ఒక్కటే కట్టి, భరిణెని కాసుతో సహా కలశం పక్కన పెట్టి పూజ చేసింది. భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. పూర్ణాలు మాత్రం బాగా కుదిరాయి.

ఆ మర్నాడు భరిణెని జేబురుమాల్లో చుట్టుకుని నేను ఏటికొప్పాక బయల్దేరాను. ఎందుకంటే, ఆ చుట్టుపక్కల తరిమెన పట్టేవాళ్ళు ఇంకా వరసగా వీధుల్లో కనిపించే ఊరు నాకు తెలిసి అదొక్కటే. వరాహ నది ఒడ్డున ఉంది. ఇదివరకు విశాఖపట్నం జిల్లా, 2022 నించి అనకాపల్లి జిల్లా. అడ్డరోడ్డు దగ్గర బస్సు దిగితే ఆటోలో కాసేపు.

ఏటికొప్పాక బొమ్మలు మీరు చూసే ఉంటారు. 2025 జనవరి 26న ఢిల్లీ ఊరేగింపులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద వెళ్ళినవి అవే. అక్కడ వాడేది అంకుడు కర్ర. కోస్తే పాలు కారే చెట్టు, లోపల తెల్లగా మెత్తగా ఉంటుంది. కర్ర ఆరాక తరిమెనకి బిగించి, తిప్పుతూ ఉలితో ఆకారం తీస్తారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. కుంచె లేదు, తడి లేదు. పైన మొగలి ఆకుతో ఒత్తితే అద్దంలా మెరుస్తుంది. వెనక ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవాళ్ళు. ఇప్పుడు మోటార్లు వచ్చాయి.

మా అక్కయ్య తరం ఆడపిల్లలకి లక్కపిడతలంటే ప్రాణం. చిన్న పొయ్యి, చిన్న కుండ, చిన్న తిరగలి, రోలు, చెంబు. వాటిల్లో అటుకులూ బెల్లమూ వండి, బలవంతంగా నాచేత తినిపించేది. ఆ పిడతల్నే మేం నోట్లో కూడా పెట్టుకునేవాళ్ళం. నోట్లో పెట్టుకునే వస్తువు మీద ఏ రంగు ఉందన్నది చిన్న విషయం కాదు. మధ్యలో కొంతకాలం బజారు రసాయనపు రంగులు వచ్చి పడ్డాయి. ఆ ఊరివారే అయిన సి.వి. రాజుగారు పట్టుబట్టి పసుపు, నీలిమందు, జాఫరా గింజలు, లక్క ఎరుపు, ఇలాంటి చెట్టూ చేమల రంగుల్ని మళ్ళీ లక్కలోకి తెచ్చారు. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

నేను వెళ్ళి కూర్చున్న అరుగు ఒక అరవయ్యేళ్ళ పనివాడిది. బొంగరాలు పడుతున్నాడు. మోటారు ఆపి, చేతులు తుడుచుకుని, భరిణె అందుకున్నాడు. తిప్పిచూడ్డం, లాగడం లాంటివేవీ చెయ్యలేదు. ముందు వాసన చూశాడు. తర్వాత వెలుతురికి ఎదురుగా పట్టుకుని మూత మీద గీతలూ, భరిణె ఒంటి మీద గీతలూ చాలాసేపు చూశాడు.

“ఏ కర్ర బాబూ ఇది?”

“అక్రోటు. అమెరికాది.”

“పనోడు మంచోడే. గోడ ఎంత పలచగా లాగాడో చూడండి. మూత కాడ తొందర పడిపోనాడు.”

“ఏం తప్పు చేశాడు?”

“పెట్టె నిలువు కర్ర. మూత అడ్డ చెక్క. అంతే.”

నాకు బోధపడలేదని కనిపెట్టి, పక్కనున్న అంకుడు కొమ్మ ముక్క తీసి చూపించాడు. చెట్టు నిలబడ్డప్పుడు నార ఎటు ఉందో, కర్ర ఆ దిక్కున ఉబ్బదు, తగ్గదు. దానికి అడ్డంగా ఉబ్బుతుంది, తగ్గుతుంది. భరిణె ఒళ్ళు నిలువు కర్రలోంచి తీసింది గనక దాని మూతి చుట్టూ అన్ని పక్కలకీ ఉబ్బుతుంది. మూతని పలకలోంచి అడ్డంగా కోశాడు. పైన అందమైన చారలు కనిపించాలని కాబోలు. అది ఒక దిక్కున ఉబ్బుతుంది, రెండో దిక్కున కదలదు.

“ఉబ్బనికాడ పట్టీసింది. ఇది ఏ కాలంలో పట్టారు?”

జనవరిలో అని చెప్పాను. అక్కడ చలికాలం, ఇళ్ళన్నీ రాత్రీ పగలూ వేడిచేసుకుంటారు, ఇంట్లో గాలి పొడిగా ఉంటుందని కూడా చెప్పాను.

“అదీ సంగతి. మరి ఇక్కడ శ్రావణం.” ఒక్క క్షణం ఆగి, “తడిగుడ్డ ఎవులు పెట్టారు?” అన్నాడు. ఇంజనీరుగారు పెట్టారని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

తన భరిణె ఒకటి తెచ్చి చూపించాడు. మూతా ఒళ్ళూ ఒకే కర్రలో ఒకదాని కింద ఒకటిగా తీసినవి. మూత పెడితే కర్ర మీద గీత పైనించి కిందికి తెగకుండా దిగింది. “ఉబ్బితే రెండూ ఉబ్బుతాయి, తగ్గితే రెండూ తగ్గుతాయి” అన్నాడు. అంకుడు కర్ర ఇదివరకులా చేతికందడం లేదనీ, కొడుకు విశాఖపట్నంలో ఫ్యాక్టరీలో చేరిపోయాడనీ మాటల్లో చెప్పాడు. నా భరిణెకి మందు అడిగాను. “సుత్తీ వద్దు, నీళ్ళూ వద్దు. ఆరనీండి. అదే వదిలీస్తాది. వదిలినాక తెండి, మూత లోపల కాస్త తీసి పెడతాను.”

కాకినాడ వచ్చి ఇదంతా చెప్పాను. బావగారు మొదట “వాడికేం తెలుసు” అన్నారు. రాత్రి పదింటికి చూస్తే కాయితం మీద లెక్క కడుతున్నారు. కొడుక్కి ఫోను చేసి అంకెలు అడిగారట. కాపరానికి వెళ్ళాక కొడుకుని ఆయన తనంతట తాను పిలిచి మాట్లాడటం చాలా అరుదు. నల్ల అక్రోటు పచ్చికర్ర పూర్తిగా ఎండేటప్పటికి చుట్టూ తిరిగే దిక్కున నూటికి 7.8 వంతు, నడిబొడ్డు నించి బెరడు వైపుకి 5.5 వంతు తగ్గుతుంది. నిలువు నార దిక్కున తగ్గేది చెప్పుకోదగ్గది కాదు. వేడిచేసిన ఇంట్లో కర్రలో నూటికి ఆరు పాళ్ళు తేమ ఉంటే, మన సముద్రపు ఒడ్డున వానాకాలంలో పదిహేను దాకా పోతుంది. భరిణె మూతి వెడల్పు 75 మిల్లీమీటర్లు. గుణించి, భాగించి చూస్తే, ఒంటికి అటూ ఇటూ మిల్లీమీటరు దాటి పెరుగుదల వచ్చింది. మూత పెరగని దిక్కున సున్న.

“ఇది రైలు పట్టాల లెక్కే” అన్నారు బావగారు పెన్సిలు కింద పెట్టి. “ఇనుముకి వేడి, దీనికి తేమ. పట్టాల మధ్య సందు వదిలినట్టు వీడు సందు వదలాల్సింది.” తడిగుడ్డ ప్రస్తావన నేను తేలేదు. ఆయనా తేలేదు.

ఆ తర్వాత భరిణె ఏసీ గదిలోకి మారింది. మందుసీసాల్లోనూ, కొత్త చెప్పుల పెట్టెల్లోనూ తేమ పీల్చే గుళికల పొట్లాలు వస్తాయి చూడండి, అవి ఇరుగుపొరుగులో అడిగి పోగుచేసి, ఒక డబ్బాలో వాటి మధ్య భరిణెని పెట్టారు. ప్రతి శుక్రవారం వంటింటి తక్కెడలో తూచి, బావగారు డైరీలో రాసేవారు. మొదటి వారం 112 గ్రాములు. తర్వాత 111. తర్వాత 110. కరెంటు ఆదా చెయ్యమని ఊరందరికీ చెప్పిన మనిషి, చిన్న పెట్టె కోసం పగలల్లా ఏసీ వేస్తున్నారని అక్కయ్య నాతో ఫోనులో గుసగుసలాడింది. కొడుకు అక్కడ గిన్నెల అడుగున పెన్సిలుతో రాసుకునే పనీ ఇదే కదా అని నేనన్నాను. “ఆ మాట ఆయనతో అనకు, మానేస్తారు” అంది.

ఆరో శుక్రవారం 108 గ్రాములు. ఏడో శుక్రవారమూ 108. బావగారు భరిణెని అక్కయ్య చేతికిచ్చారు. రెండు వేళ్ళతో పట్టి లాగితే మూత చిన్న చప్పుడు చేసి వచ్చేసింది. కాసు కుంకుమలో ఎర్రగా పడుకుని ఉంది. అక్కయ్య దాన్ని తీసి కొంగుతో తుడిచి, మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళింది. దసరాకి కలశం పెట్టినప్పుడు అమ్మ కాసు కట్టింది.

రెండోసారి ఏటికొప్పాకకి బావగారు కూడా వస్తానన్నారు. దారి పొడుగునా తేమ లెక్కలు చెప్పారు. ఆ అరుగు మీద మాత్రం నోరు మెదపలేదు. పనివాడు ముందు అంకుడు ముక్కలో మూత సరిగ్గా ఇమిడేటంత గుంట తొలిచి, అందులో మూతని బోర్లా నొక్కి బిగించాడు. మేకు లేదు, జిగురు లేదు. మోటారు వేసి, ఉలి మొన మూత లోపలి అంచుకి ఆనించాడో లేదో, పొగలాంటి పొడి లేచింది. రెండు నిమిషాలు. తీసి భరిణెకి పెట్టి చూసి, మళ్ళీ ఒక్క తిప్పు తిప్పాడు. కావాలంటే అంకుడులో నిలువు మూత కొత్తది పట్టి ఇస్తానన్నాడు. అక్కయ్య ఒప్పుకోదని బావగారే చెప్పారు. నల్లమచ్చని ఉప్పుకాయితంతో తీసెయ్యనా అని అడిగితే, ఎందుకో, “దాన్ని అలా ఉంచండి” అన్నారు. డబ్బు ఎంతని అడిగితే యాభై అన్నాడు. యాభై ఇచ్చి, మిస్సోరీలో ఉన్న మనవరాలికి ఒక జత లక్కపిడతలు కొన్నారు. కొనే ముందు అందులో ప్రతి మూతా తీసి, గీతలు కలిశాయో లేదో వెలుతురికి పట్టి చూశారు.

ఆ రాత్రి ఫోనులో కొడుకుతో ఆయన మాట్లాడింది నాకు వినిపించింది.

“నిలువు కర్రకి నిలువు మూతే పెట్టాలిరా.”

అవతల వాడేమన్నాడో తెలియదు.

“తెలిస్తే మరి అడ్డచెక్క ఎందుకు పెట్టావ్? ... చారలు బాగుంటే సరా? ... సరే, ఆ చెట్టు ముక్కలు ఇంకా ఎన్ని ఉన్నాయి? ... పదకొండా? మైనం రాశావా కొసలకి? ... వేసవికి మేం వస్తాం గదా, అప్పటికి ఒక్కటైనా ఆరుతుందా?”

గిన్నె అటక దిగింది. ప్రస్తుతం హాల్లో బల్ల మీద ఉంది. చింతపండు పులుసూ, ఇనపగరిటా దాని దగ్గరికి రాకూడదని అక్కయ్య ఆంక్ష. మొన్న ఆదివారం నేను వెళ్ళేసరికి దాన్నిండా ఉడికించిన వేరుశనగకాయలున్నాయి. ఉడికించినవి తడి కదా అని నేననబోతే, బావగారు అప్పటికే వాటి కింద అరిటాకు పరిచి ఉన్నారు. కాయలు ఒలుచుకుంటూ, మధ్య మధ్య బొటనవేలు గిన్నె అంచు మీద ఆనించి మెల్లిగా చుట్టూ తిప్పుతున్నారు. మన వానలకి అది గుండ్రం తప్పి ఎటు సాగిందో కనిపెట్టాలని.